చెవిలో మోత, రాత్రి నిద్ర: ఏ సాధనం ఎంచుకోవాలి?



ప్రకాశం జిల్లా నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందు ఉంది. ఆమె భర్తకు ఏడాదిగా రెండు చెవులలోనూ ఈల వంటి మోత వినిపిస్తోంది. పగటి సందడిలో అది అంతగా తెలియదు. ఇషా తరువాత దీపం ఆర్పగానే విజృంభిస్తుంది. చెవి వైద్యుడు పరీక్షించి, ప్రమాదమేమీ లేదని, పడుకునేటప్పుడు మెల్లని శబ్దమేదైనా వినమని సలహా ఇచ్చారట. దిండు స్పీకరు కొనాలా, తలకు చుట్టుకునే పట్టీ కొనాలా, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్ కొనాలా అన్నది ఆమె ప్రశ్న. “మౌల్వీ సాబ్, రాత్రి ఆయనకు నిద్ర లేదు, పగలు పిల్లల మీద విసుక్కుంటున్నారు. అందుకే అడుగుతున్నాను” అని ముగించారు.

ఆ చివరి మాట నన్ను కదిలించింది. ఎందుకంటే ఈ బాధను నేనూ ఆరేళ్ళుగా మోస్తున్నాను. దీనివల్ల నేను చేసిన ఒక తప్పును ముందుగా ఒప్పుకోవాలి. హిఫ్జ్ తరగతిలో ఒక బాలుడు సబఖ్ అప్పజెబుతున్నాడు. ‘సీన్’ అక్షరాన్ని ‘సా’ లాగా పలుకుతున్నాడని రెండుసార్లు ఆపాను. మూడోసారి కోపం ఆపుకోలేక అందరి ముందు నిలబెట్టాను. పక్కనున్న ఉస్తాద్ నా దగ్గరికి వచ్చి, “హజ్రత్, పిల్లవాడు సరిగానే చదువుతున్నాడు” అన్నారు. లోపం వాడి నాలుకలో లేదు, నా చెవిలో ఉంది. కోపం మాత్రం ఎన్నో రాత్రుల నిద్రలేమి నుండి వచ్చింది. ఆ బాలుణ్ణి అందరి ముందే క్షమాపణ అడిగాను. మరునాడు వినికిడి పరీక్షకు వెళ్ళాను. 4000 హెర్ట్జ్ దగ్గరినుండి నా వినికిడి బాగా తగ్గిందని తేలింది. ‘సీన్’, ‘సా’ల తేడాను పట్టిచ్చే సన్నని ధ్వనులు ఆ పై భాగంలోనే ఉంటాయి. బయటి శబ్దం చేరని చోట మెదడు తానే ఒక మోతను కల్పించుకుంటుందని వైద్యులు వివరించారు.

ఈ వ్యాధి కొత్తది కాదు. అరబ్బీలో దీనిని ‘తనీన్’ అంటారు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో చెవి వ్యాధులను వివరిస్తూ దీనినీ చర్చించారు. శబ్దంతో ఉపశమనం పొందే పద్ధతి 1970ల దశకంలో అమెరికాలో విస్తృత ప్రచారంలోకి వచ్చింది. చెవి మోతతో బాధపడుతున్న చార్లెస్ యూనిస్ అనే వైద్యుడు పోర్ట్‌లాండ్ నగరంలో ఒక నీటి ఫౌంటెన్ పక్కన నిలబడినప్పుడు, ఆ నీటి సవ్వడిలో తన మోత వినిపించడం లేదని గమనించారు. వెంట ఉన్న శాస్త్రవేత్త జాక్ వెర్నన్ ఆ అనుభవం ఆధారంగా చెవికి ధరించే శబ్ద సాధనాల మీద కృషి చేశారు. మనం కొనదలచిన సాధనం చేసే పని ఆ ఫౌంటెన్ చేసిన పనే.

అయితే మోతను పూర్తిగా ముంచివేసేంత శబ్దం పెట్టకూడదు. మోత కంటే కాస్త తక్కువగా, రెండూ కలిసి వినిపించేలా ఉంచాలి. అప్పుడే ఆ మోతను పట్టించుకోకుండా ఉండడం మెదడు క్రమంగా నేర్చుకుంటుంది. మరొక లెక్క కూడా చూడండి. పెద్దలు వారానికి 40 గంటల పాటు వినడానికి 80 డెసిబెల్స్ వరకే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రికి 7 గంటలు వింటే వారానికి 49 గంటలవుతుంది. కాబట్టి మన శబ్దం అంతకంటే ఎంతో మెల్లగా ఉండాలి. పరీక్ష సులువే. ఇంట్లో ఎవరినైనా గుమ్మం దగ్గర నిలబడి మామూలు గొంతుతో పిలవమనండి. ఆ పిలుపు వినిపించకపోతే శబ్దం ఎక్కువైనట్టే. చంటిబిడ్డ ఏడుపు, వృద్ధురాలైన తల్లి పిలుపు, ఫజ్ర్ అజాన్ మన చెవికి చేరకపోతే ఆ సాధనం మనకు తగినది కాదు.

ఇక ఎంపిక విషయం. ముందు డబ్బు ఖర్చు లేకుండా ఒక వారం ప్రయత్నించండి. ఫ్యాను సవ్వడిగాని, మంచానికి దూరంగా పెట్టిన ఫోనులో వాన శబ్దంగాని చాలామందికి సరిపోతుంది. ఫ్యానుకు ఒక్కటే లోపం. కరెంటు పోగానే శబ్దం ఆగి, మోత మనిషిని లేపుతుంది.

దంపతులలో ఒకరికి నిశ్శబ్దం, మరొకరికి శబ్దం కావాలంటే దిండు స్పీకరు మంచిది. అరచేతి అంత పలుచని బిళ్ళ అది. తీగతో ఉన్నది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కాని మన బూరుగు దూది దిండు మందంగా, గట్టిగా ఉంటుంది. దాని అడుగున పెడితే శబ్దం పైకి రాదు. దిండుకూ గలేబుకూ మధ్య పెట్టాలి. రాత్రంతా అటూ ఇటూ దొర్లేవారు రెండు బిళ్ళలున్నది తీసుకోవాలి. తీగ మెడకు చుట్టుకోకుండా మంచం తలవైపు నుండి తేవాలి. పసిపిల్లలు పక్కన పడుకునే ఇంట్లో తీగ అసలు వద్దు.

తలపట్టీలో రెండు పలుచని స్పీకర్లు చెవులపై వస్తాయి. ఎటు తిరిగినా శబ్దం వెంటే ఉంటుంది. పక్కకు తిరిగి పడుకునేవారు కొనేముందు దానిని అరచేతికీ చెంపకూ మధ్య నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే తెల్లవారేసరికి చెవి నొప్పి పుడుతుంది. మన ఎండాకాలంలో పట్టీ చెమటకు తడుస్తుంది. స్పీకర్లను బయటికి తీసి బట్టను ఉతుక్కునే వీలుండాలి. బ్యాటరీ కనీసం 8 గంటలు నిలవాలి.

ఇయర్‌బడ్స్ నా దృష్టిలో చివరి మార్గం. అవి చెవి రంధ్రాన్ని మూసివేస్తాయి. బయటి శబ్దం ఆగితే లోపలి మోత మరింత స్పష్టమవుతుంది. గులిమి లోపలికి జరుగుతుంది. చెవి కారేవారు, చెవిలో పుండు ఉన్నవారు వాటిని వాడకూడదు.

ఏది కొన్నా శబ్దాన్ని ఫోనులో ముందే దాచుకోండి, లేకపోతే మధ్యలో వచ్చే ప్రకటన ఉలిక్కిపడేలా చేస్తుంది. ఫోనును దిండు కింద పెట్టి చార్జింగ్ చేయకండి, అది వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఫజ్ర్‌కు వేరే అలారం గడియారం ఉంచుకోండి. నడిరాత్రి మెలకువ వచ్చేవారు శబ్దం ఆగిపోయే టైమరు పెట్టకపోవడం మేలు.

రాత్రంతా ఖుర్ఆన్ పారాయణం పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. పారాయణం శ్రద్ధతో ఆలకించవలసినది, మోతను కప్పే తెర కాదు. పైగా పారాయణంలో ఆగే చోట్లు ఉంటాయి. ఆ విరామంలోనే మోత పైకి తేలుతుంది. నేను పడుకునే ముందు కాసేపు మెలకువతో పారాయణం వింటాను. తరువాత దానిని ఆపి సెలయేటి శబ్దం పెట్టుకుంటాను. సహోదరులకు కూడా ఇదే నా సలహా.

ఒక హెచ్చరిక. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితో పాటు కొట్టుకుంటున్నా, తల తిరుగుతున్నా, చెవి కారుతున్నా సాధనం కొనకముందే వైద్యునికి చూపించాలి. వినికిడి ఒక్కసారిగా తగ్గితే ఆ రోజే వెళ్ళాలి, ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు.

సోదరీ! మీవారికి ముందు తీగతో ఉన్న దిండు స్పీకరు ఇచ్చి చూడండి. పసిపిల్లలు పక్కన పడుకుంటే తలపట్టీ తీసుకోండి. నెల రోజులు ఓపిక పట్టండి. ఆయన విసుగు వెనుక నిద్రలేని రాత్రులున్నాయని పిల్లలకు చెప్పండి. పిల్లల తప్పు అందులో లేదని ఆయనకూ గుర్తు చేయండి. నేను ఆ మాట తెలుసుకునేసరికి ఒక బాలుడు అందరి ముందు నిలబడవలసి వచ్చింది. అల్లాహ్ మీ ఇంటికి ప్రశాంతమైన నిద్రను, మీవారికి స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.