నడిస్తే పట్టేసే పిక్కలు



ఈ నెల కాళ్ళ సంగతి మాట్లాడుకుందాము. సంఘములోని పెద్దవారిని పరామర్శించుటకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఇది: "అయ్యగారూ, కూర్చుంటే ఏ బాధా లేదు. వీధి చివరకు నడిచేసరికి పిక్కలు పట్టేస్తాయి. కాసేపు నిలబడితే పోతుంది. మళ్ళీ నడిస్తే మళ్ళీ అంతే." ఇంటివారేమో "నరాల బలహీనతండి, వయస్సు కదా" అని ఆయనను గడప దాటనివ్వరు. మంచినీళ్ళు మంచము దగ్గరకే వస్తాయి. కొన్నాళ్ళకు ఆదివారపు ఆరాధన కూడా మానుకుంటారు. ప్రేమతోనే చేస్తారు గాని, ఆ కాళ్ళకు అది మేలు కాదు.

నడిస్తే వచ్చి, ఊరకే నిలబడితే రెండు మూడు నిమిషాలలో పోయే నొప్పి సాధారణంగా రక్తనాళములది. వెన్నుపూసలో నరము నొక్కుకున్నా నడకలో నొప్పి వస్తుంది గాని, దానికి నిలబడితే చాలదు, కూర్చోవాలి లేక ముందుకు వంగాలి. కాళ్ళకు రక్తము తెచ్చే ధమనులలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే, పూడిక పడిన పంటకాలువ వలె, కూర్చున్నంతసేపు వచ్చే రక్తము సరిపోతుంది. నడక మొదలుపెట్టగానే కండ ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది, అది అందదు. డాక్టరుగారు చీలమండ దగ్గర బి.పి. చూసి చేతి బి.పి.తో పోలుస్తారు. ఆ లెక్క 0.90 కన్నా తక్కువైతే జబ్బు ఉన్నట్టే.

దీనికి మందులతోపాటు ముఖ్యమైన చికిత్స నడకే! నొప్పి పుట్టించే నడకే నొప్పిని తగ్గిస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కాని 1966లోనే డెన్మార్కు వైద్యులు ఇటువంటి రోగులను ప్రతిదినము నడిపించి, వారు నడవగలిగే దూరము పెరుగుట చూశారు. ఆ తరువాత అనేక దేశాలలో ఇదే తేలింది. నడిస్తే పూడిక కరిగిపోతుందని కొందరనుకుంటారు. కరగదు. నెలల తరబడి నడిచినా చీలమండ దగ్గరి బి.పి. పెద్దగా మారదు. మారేది కండ. వచ్చిన కొద్దిపాటి ప్రాణవాయువుతోనే ఎక్కువ పని చేయుట నేర్చుకుంటుంది. రక్తనాళముల లోపలి పొర చక్కగా వ్యాకోచిస్తుంది. అడుగు తీరు కుదురుకొని అలసట తగ్గుతుంది.

నడిచే పద్ధతి ఇది. మూడు నుండి ఐదు నిమిషాలలో నొప్పి మొదలయ్యేంత వేగముతో నడవండి. నొప్పి ఓర్చుకోదగినంత వరకు వచ్చాక ఆగండి. పూర్తిగా తగ్గాక మళ్ళీ బయలుదేరండి. విశ్రాంతితో కలిపి మొదట అరగంట, క్రమేణా 45 నిమిషాలు, ఆ పైన గంట. వారానికి కనీసము మూడు రోజులు, మూడు నెలల పాటు విడువకుండా చేయాలి. ఆపేస్తే వచ్చిన లాభము పోతుంది. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. చుట్ట, బీడీ మానకుండా నడవడము ఒక చేత్తో తూము తెరిచి రెండో చేత్తో మూయడమే. విశాఖ, శ్రీకాకుళము వైపు అడ్డచుట్ట కాల్చే తల్లులకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఆసా రాజు తన ఏలుబడిలో 39వ ఏట పాదములలో జబ్బు పడ్డాడని రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయములో ఉన్నది. అతడు దేవుణ్ణి విడిచి వైద్యుల దగ్గరకే వెళ్ళాడు గనుక, విశ్వాసి ఆసుపత్రికి వెళ్ళకూడదని కొందరు బోధిస్తారు. ఇది సరికాదని మా అభిప్రాయము. అక్కడ తప్పు దేవుణ్ణి విడుచుటలో ఉన్నది గాని వైద్యులను ఆశ్రయించుటలో లేదు. పౌలు లూకాను వైద్యుడనే ప్రేమతో పిలిచాడు కదా!

ఇంత చెప్పినా, అందరూ నడకతో మొదలుపెట్టరాదు. రాత్రి పడుకున్నప్పుడు పాదము మంట పుట్టి, కాలు మంచము నుండి క్రిందికి వ్రేలాడదీస్తే గాని నిద్ర పట్టనివారు, మానని పుండు ఉన్నవారు, వ్రేలు నల్లబడినవారు ముందుగా వైద్యుణ్ణి చూడాలి. ఉన్నట్టుండి కాలు చల్లబడి, పాలిపోయి, స్పర్శ పోతే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

షుగరు ఉన్నవారిలో నరాలు మొద్దుబారి పిక్క నొప్పి తెలియకపోవచ్చు. వారు ప్రతి రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, లేదా కోడలి చేతనో మనవడి చేతనో చూపించుకోవాలి. పాదాలు చల్లగా ఉన్నాయని వేడినీళ్ళ కాపడము పెట్టకండి. కాలినా తెలియదు, ఆ పుండు మానదు. మందిరము గుమ్మము దగ్గర చెప్పులు విడిచే మన అలవాటు మంచిదే గాని, ఇటువంటి వారు లోపల వేసుకొనుటకు మెత్తని చెప్పులు వేరుగా తెచ్చుకుంటే సంఘ పెద్దలు అభ్యంతరము చెప్పవద్దని మనవి. చాప అంచున ఒక కుర్చీ కూడా వేయించండి.