నవ్యప్రతిభయు న్యాయనిర్ణేతలును

కళను తూచుటకు తక్కెడ లేదని పెద్దలందురు. అయినను తూచక తప్పని సందర్భములు కలవు. పాఠశాలలో పరీక్షలున్నవి, కళాలోకములో పోటీలున్నవి. అట్టి పోటీలో వెలువడిన ఒక తీర్పు ఒక విద్వాంసుని జీవితమును మలుపు త్రిప్పినది. నలుబది యేండ్లు దాటినను ఆ తీర్పునుగూర్చిన చర్చ సమసిపోలేదు. దినదినము మార్కులు వేయు ఉపాధ్యాయులును, వాటికై శ్రమించు విద్యార్థులును ఆ కథను ఒకపరి తలచుకొనుట మేలు.

ఆ విద్వాంసుడు పియానో వాదకుడు ఈవో పొగొరెలిచ్. 1958 లో నాటి యుగోస్లావియా రాజధానియైన బెల్‌గ్రేడ్ నగరమున జన్మించినాడు. తల్లి సెర్బియా వనిత. తండ్రి క్రోయేషియా జాతీయుడు, తానును సంగీతజ్ఞుడే. పండ్రెండవ యేట పుట్టినయూరు విడిచి విద్యకై మాస్కో చేరినాడు. 1980 లో కెనడాలోని మాంట్రియల్ పోటీలో ప్రథమ బహుమానము గెలుచుకొని, ఆ యేడే పోలండు రాజధాని వార్సాలో జరిగిన షోపాన్ పోటీకి వచ్చినాడు. 1927 లో ఆరంభమైన ఆ పోటీలో షోపాన్ రచనలు తప్ప మరొకటి వాయించరాదు. పియానో లోకమున దానికున్న గౌరవము అపారమైనది.

అక్కడ ఏమి జరిగినదో గ్రహింపవలెనన్న ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. కర్ణాటక సంగీతమున గాయకునికి మనోధర్మమను విశాలమైన క్షేత్రము కలదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమున అట్లు కాదు. కృతికర్త ప్రతి స్వరమును కాగితముపై వ్రాసియుంచును; ఎచ్చట వేగము పెరుగవలెనో, ఎచ్చట నాదము మెత్తబడవలెనో కూడ సూచించును. వాదకునికి మిగులు స్వేచ్ఛ బహు స్వల్పము. పొగొరెలిచ్ ఆ స్వల్పమైన చోటుతో తృప్తిపడలేదు. అలవాటైన నడకను మార్చినాడు. మెత్తగా పలుకవలసినచోట గట్టిగా పలికించినాడు. కొందరికది ధిక్కారముగా తోచినది, కొందరికి దర్శనముగా తోచినది.

న్యాయనిర్ణేతల మండలి రెండుగా చీలినది. అతడు మొదటి అంచె దాటుటను సహింపక లూయీ కెంట్నర్ అను వృద్ధ విద్వాంసుడు మండలినుండి తప్పుకొనినాడు. మూడవ అంచెలో అతనిని తొలగించి, తుది పోటీకి పంపకపోగా, మార్తా ఆర్గెరిచ్ ఆగ్రహించి రాజీనామా ఇచ్చినది. అతడు మేధావియని బహిరంగముగ చాటినది. ఆమె సామాన్యురాలు కాదు. 1965 లో అదే పోటీలో ప్రథమ బహుమానము పొందిన అర్జెంటీనా విదుషి. ఒకే వాదనమును విన్న ఇద్దరు పండితులు పరస్పర విరుద్ధములైన కారణములతో ఒకే పని చేసిరి. ఇంతకంటె విచిత్రమేమి కావలెను?

ఆ కలకలముతో అతని పేరు దేశదేశములకు ప్రాకినది. 1981 లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో కచేరీ చేసినాడు. షోపాన్, బాహ్, స్కార్లాటీ, రావెల్ మున్నగువారి రచనలతో అతడిచ్చిన రికార్డులు జగమెల్ల వ్యాపించినవి.

ఇంతమాత్రమున నిర్ణేతలు మూర్ఖులనియు, ఓడినవాడే మేధావియనియు తీర్మానించుట తొందరపాటు. ఆ యేడు ప్రథమ బహుమానము పొందినది డాంగ్ థాయ్ సన్ అను వియత్నాం యువకుడు. అతడును 1958 లో పుట్టినవాడే, మాస్కోలో చదివినవాడే. బాల్యమున యుద్ధము మధ్య తల్లియొద్ద సంగీతము నేర్చి, ఆ పోటీలో అగ్రస్థానము నందిన తొలి ఆసియా వాసియైనాడు. పిదప గొప్ప గురువుగా పేరొందినాడు; 2021 లో అతని శిష్యుడు బ్రూస్ లియూ అదే వార్సాలో ప్రథముడైనాడు. గెలిచినవాడును అర్హుడే. దోషము గెలుపులో లేదు. ఓడినవానిని వినుటకు కొందరు చెవియొగ్గకపోవుటలో ఉన్నది.

విద్యార్థులు గమనింపదగిన సంగతి మరొకటి కలదు. నియమమును మీరుటయే ప్రతిభయని నేడు పలువురు భ్రమపడుచున్నారు. పొగొరెలిచ్ స్వేచ్ఛ వెనుక కఠోరమైన క్రమశిక్షణ ఉన్నది. 1976 లో అతడు అలీసా కెజెరాడ్జె అను జార్జియా దేశపు గురువును ఆశ్రయించినాడు. మహావాదకుడైన లిస్ట్ సంప్రదాయమునకు చెందిన ఆమె యొద్ద అతడు తన వాదనవిధానమును మొదటినుండి మరల సాధన చేసినాడు. 1980 లో ఆమెనే వివాహమాడినాడు. 1996 లో ఆమె మరణించగా అతడు కృంగిపోయి, కొంతకాలము వేదికకు దూరమైనాడు. తిరిగివచ్చిన పిదప అతని నడక మరింత మందగించినది. 2006 లో న్యూయార్కు విమర్శకులు అతనిని నిర్దాక్షిణ్యముగా ఖండించిరి. రికార్డుల విషయమున ఇరువది యేండ్లకు మించిన మౌనము వహించి, 2019 లో బీథోవెన్, రాఖ్మనినోవ్ రచనలతో మరల శ్రోతల ముందుకు వచ్చినాడు. వార్సా తీర్పు అతనిని అణచలేకపోయినది. గురువియోగము మాత్రము చాలకాలము అణచినది.

కాబట్టి పోటీలును పరీక్షలును వలదనుట సరికాదు. పొగొరెలిచ్ సయితము అట్లు తలపలేదు. 1993 లో అమెరికాలోని పాసడీనాలో తన పేరనే పియానో పోటీ నడిపించినాడు. అందును ప్రథమ బహుమానమును ఇద్దరికి పంచవలసివచ్చినది! కొలత అవసరమే. కాని కొలబద్ద తెలిసిన వస్తువును మాత్రమే కొలువగలదు. ఎన్నడును ఎరుగనిది ఎదురైనపుడు కొలబద్దను ప్రక్కకుంచి, మరియొకసారి వినవలెను.

తరగతిలో ప్రశ్నపత్రములు దిద్దు ఉపాధ్యాయునికిని ఈ కర్తవ్యమే ఉన్నది. పుస్తకములోని జవాబును వ్రాసిన బాలునికి పూర్తి మార్కులు వేయుట న్యాయమే. పుస్తకములో లేని జవాబు కనబడినపుడు ఎఱ్ఱసిరాతో గీత గీయుటకు ముందు ఒక్క నిమిషమాగి, అది తెలియనితనముచేత వ్రాసినదా, తెలిసి వేరుగా ఆలోచించి వ్రాసినదా అని ఆ బాలునే పిలిచి అడుగవలెను. వాని సమాధానములో సాధన కనబడినచో, తక్కినవారందరు కాదన్నను వాని పక్షమున నిలుచుటకు సిద్ధపడవలెను. వార్సాలో ఆర్గెరిచ్ చేసిన పని అదియే.