ఊరికే వెళ్ళొస్తా!

"ఆడది ఒక్కతే అంత దూరమా?"

మంచిర్యాలలో పిన్నిగారింటికి వెళ్ళాలన్నా, మనాలీ చూసి రావాలన్నా మన ఇళ్ళలో ముందు వినపడే మాట ఇదే. కాస్త జుట్టు నెరిస్తే దానికి ఇంకోటి తోడవుతుంది. "ఈ వయసులోనా?" అని.

అరవై దాటిన ఆడవాళ్ళు ఒక్కళ్ళే ఆసియా దేశాలన్నీ చుట్టి రావడం, అందులో కొందరు మోటారు సైకిలు అద్దెకు తీసుకుని కొండదారులు తిరగడం ఇప్పుడు పేపర్లోనూ, ఫోన్లోనూ తరచూ చూస్తున్నాం. చూసి, "వాళ్ళకేం, వాళ్ళ దేశాలు వేరు" అని పేజీ తిప్పేస్తాం. మనవాళ్ళలో ఒంటరిగా తిరిగేవాళ్ళు లేరన్నది అందరికీ ఉన్న నమ్మకం. నిజంగా లేరా?

మా శ్రీరాంపూర్‌నే తీసుకోండి. శ్రీరాంపూర్, నస్పూర్, అవతల గోదావరిఖని... ఏ కాలనీకి వెళ్ళినా బాయిలో పనిచేసిన తండ్రుల పిల్లలు ఇంజనీరింగ్ చదివి అమెరికాలో ఉన్న ఇళ్ళు కనిపిస్తాయి. కూతురికి నెలలు నిండుతున్నాయంటే అమ్మ బయల్దేరాలి. ఆయనకి అన్నాళ్ళు సెలవు దొరకదు కాబట్టి ఒక్కతే బయల్దేరుతుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కి, దోహాలోనో దుబాయ్‌లోనో దిగి ఇంకోటి మారి, ఇరవై గంటలు పైబడి ప్రయాణం. ఇంగ్లీషు రాదు. వీల్‌చెయిర్ పెట్టిస్తారు. నడవలేక కాదు, దాన్ని తోసే మనిషి వెంట ఉంటే దారి తప్పకుండా రెండో విమానం ఎక్కిస్తాడని! పెట్టెలో పచ్చళ్ళు, కారప్పొడి, బాలింతకి వాము. అక్కడి ఆఫీసరు "ఇదేమిటి?" అని అడిగితే చూపించడానికి కూతురు ఇంగ్లీషులో రాసి పంపిన కాగితం చేతిసంచిలో. భూగోళం అవతలి వైపుకి ఒంటరిగా వెళ్ళి, ఆర్నెల్లు చాకిరీ చేసి, ఒంటరిగా తిరిగొస్తుంది. ఆమెని సాహస యాత్రికురాలని ఏ పేపరూ రాయలేదు.

ఇంతకన్నా పాత కథ గల్ఫ్‌ది. మా ఉత్తర తెలంగాణ నుంచి ఎక్కువగా మగవాళ్ళు వెళ్ళారు గానీ కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్ళు దశాబ్దాలుగా కువైట్‌కీ, ఒమన్‌కీ, బహ్రెయిన్‌కీ ఇళ్ళల్లో పనికి వెళ్తూనే ఉన్నారు. అవి కూడా ఆసియా దేశాలేనండీ! భాష రాని ఊరు, ముక్కూ మొహం తెలియని యజమాని. అప్పు తీరాలి, ఆడపిల్ల పెళ్ళి చెయ్యాలి అన్నప్పుడు "ఒక్కదానివే ఎట్లా" అనే ప్రశ్న ఆ ఇళ్ళలో పెద్దగా అడ్డు రాలేదు.

ఇక దేవుడి సంగతి సరేసరి. కాశీ, అరుణాచలం గిరిప్రదక్షిణ, రెండేళ్ళకోసారి మేడారం జాతర. మోకాళ్ళు నొప్పులని మంచం దిగని అత్తగారు కూడా మేడారం అంటే లేచి కూర్చుంటారు. ఎవరూ కాదనరు.

అంటే కాన్పుకైతే వెళ్ళొచ్చు, డబ్బుకైతే వెళ్ళొచ్చు, మొక్కుకైతే వెళ్ళొచ్చు. "ఊరికే వెళ్ళొస్తా" అంటేనే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. మా క్వార్టర్ల లైనులో ఒక పెద్దమ్మ ఉంది. అరవై రెండేళ్ళు. ఈ సంగతి ఆమె నాకన్నా బాగా చెప్పింది. "బిడ్డ కాన్పుకు అమెరికాకు పోతే ఎట్ల పోతవని ఒక్కలు అడగలే. గోవల సముద్రం జూసొస్త అంటె మాత్రం, ఎవలున్నరే ఆడ నీకు, అంటున్నరు. సముద్రం ఉన్నది గద బిడ్డా!"

మన భాషలో 'ఊరికే' అనే మాటకి రెండర్థాలు. కారణం లేకుండా అని ఒకటి, డబ్బు లేకుండా అని ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేకుండా పోయాక ఈ రెండర్థాలూ కలిసిపోయాయి. ఎంత వేళాకోళం చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. బస్సులో వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్న వీడియో చూసి ఎంత నవ్వుకున్నారు! "పనీపాటా లేక తిరుగుతున్నారు" అన్నారు. సర్వీసులు చాలడం లేదనీ, ఆటోవాళ్ళ పొట్ట కొట్టారనీ అంటే అది మాట్లాడుకోవాల్సిన విషయమే. కానీ ఎగతాళి దాని మీద కాదు. ఆడవాళ్ళు పని లేకుండా బస్సెక్కారట, అదీ నేరం! మగవాడు సాయంత్రం పూట సెంటర్‌కి వెళ్ళి రెండు గంటలు నిలబడి వస్తే ఏం పని మీద వెళ్ళావని ఎవరైనా అడిగారా? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే మొదలైనప్పుడు అవే జోకులు గోదావరి దాటి వెళ్ళాయి.

బస్సుకే ఇంత గొడవైతే మోటారు సైకిలు సంగతి చెప్పాలా!

అయినా మన హైదరాబాద్ నుంచే వెళ్ళారు. 2018 ఫిబ్రవరిలో జయభారతి అనే ఆర్కిటెక్టు మరో ముగ్గురు స్త్రీలతో కలిసి మోటారు సైకిళ్ళ మీద బయల్దేరింది. పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, పోలీసు శాఖలో పనిచేసే శాంతి ఆ ముగ్గురు. ఈశాన్య రాష్ట్రాల మీదుగా మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం... మన దేశంతో కలిపి ఆరు దేశాలు, దాదాపు 17,000 కిలోమీటర్లు. తెలంగాణ పర్యాటక శాఖ అండగా నిలిచింది. పియా ఇద్దరు పిల్లల తల్లి. తర్వాత ఆ ప్రయాణం మీద ఇంగ్లీషులో పుస్తకం రాసింది. జయభారతి 2021లో మన దేశంలోనే 11,111 కిలోమీటర్లు మళ్ళీ బండి మీద తిరిగింది. నాకు అంతకన్నా నచ్చింది ఆమె తిరిగొచ్చి చేసిన పని. 'మోవో' అనే సంస్థ పెట్టి మామూలు ఆడవాళ్ళకి బండి, ఆటో నడపడం నేర్పిస్తోంది.

వీళ్ళు నలుగురు కలిసి వెళ్ళారు, ముసలివాళ్ళు కూడా కాదు కదా అంటారా? సరే. ఐర్లండ్‌లో డెర్వ్‌లా మర్ఫీ అని ఒకావిడ ఉండేది. పదో పుట్టినరోజుకి ఒక పాత సైకిలూ, అట్లాసూ కానుకగా వచ్చాయి. అప్పుడే అనుకుందిట, ఇండియా దాకా తొక్కుకుంటూ వెళ్ళాలని. పద్నాలుగో ఏట బడి మానిపించారు. కీళ్ళజబ్బుతో మంచాన పడ్డ తల్లిని చూసుకోవడానికి. పదహారేళ్ళు అలా గడిచాయి. తల్లి 1962లో పోయింది. 1963 జనవరిలో ఆమె సైకిలెక్కింది. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి ఢిల్లీ చేరింది. పెళ్ళి చేసుకోలేదు గానీ బిడ్డని కన్నది. ఆ పాపకి ఐదేళ్ళప్పుడు వెంటబెట్టుకుని మన కూర్గ్‌కి వచ్చింది. అరవైల్లో లావోస్, డెబ్బై దాటాక సైబీరియా. 2022లో తొంభయ్యో ఏట పోయింది. ఆమె ధైర్యం గురించి అందరూ రాస్తారు. ఆ పదహారేళ్ళ గురించి ఎక్కువమంది రాయరు. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్న ఆడవాళ్ళకి ఆ లెక్క చెప్పకుండానే అర్థమవుతుంది.

జయభారతి బృందం వెళ్ళిన దారి తర్వాత అంత తేలిక కాలేదు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది, అంతర్యుద్ధం మొదలైంది. 2023 మే నుంచి మణిపూర్‌లో హింస. మోరే దగ్గర సరిహద్దు దాటి థాయిలాండ్ దాకా వేస్తామన్న రహదారి ఏళ్ళ తరబడి పూర్తి కాకుండానే ఉండిపోయింది. అందుకని ఇప్పుడు వెళ్ళాలనుకునేవాళ్ళు బ్యాంకాక్‌కో, హనోయ్‌కో విమానంలో వెళ్ళి అక్కడ బండి అద్దెకు తీసుకుంటున్నారు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. మా శ్రీరాంపూర్ నుంచి బస్సులో హైదరాబాద్ చేరడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది! వియత్నాంలో 'ఈజీ రైడర్లు' అని ఉంటారు. బండి వాళ్ళే నడుపుతారు, మనం వెనక కూర్చుంటే చాలు. ఉత్తరాన హాజాంగ్ కొండల్లో చాలామంది పెద్దవాళ్ళు అలాగే తిరుగుతున్నారు.

మరి భయం? భయం ఉంది. లేదనడం అబద్ధం. 2024 మార్చి 1 రాత్రి జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో గుడారం వేసుకుని పడుకున్న ఒక విదేశీ స్త్రీ మీద సామూహిక అత్యాచారం జరిగింది. మోటారు సైకిళ్ళ మీద ఎన్నో దేశాలు దాటి వచ్చిన మనిషి. మన దేశంలోనే అంతకుముందు వేల కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగామని ఆవిడే చెప్పింది. ఆ వార్త చదివి మా వీధిలో అందరూ అన్నది ఒకటే, "అందుకే ఒంటరిగా వెళ్ళొద్దనేది." కానీ ఆమె ఒంటరిగా లేదు! భర్త పక్కనే ఉన్నాడు. అతన్ని కట్టేసి కొట్టారు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి ఘోరం జరిగింది పొరుగు దేశంలోనో, అడవిలోనో కాదు. టోల్‌గేటు పక్కన, ఇంటికి తిరిగి వెళ్ళే దారిలో. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో చీకటి పడేసరికి ఆడపిల్ల స్కూటీ తాళం తండ్రి జేబులోకి వెళ్ళిపోయిందో! తోడు మగవాడుంటే చాలు అన్న లెక్కా సరిపోలేదు, దూరం వెళ్ళకపోతే చాలు అన్న లెక్కా సరిపోలేదు. పనికొచ్చేవి వేరే. వెలుతురున్న రోడ్డు, రాత్రి పదింటికి కూడా వచ్చే బస్సు, ఫోను చేస్తే కదిలే పోలీసు.

తమాషా ఏమిటంటే, సర్కారు కాగితాల్లో ఒంటరిగా వెళ్ళే పెద్దావిడ ఎప్పటినుంచో ఉంది. రైల్లో కింది బెర్తుల కోటా మగవాళ్ళకి అరవై దాటాకే, మనకి మాత్రం నలభై అయిదు నుంచే. అదీ ఒక్కరు గానీ, ఇద్దరు గానీ వెళ్తుంటే! పదో తరగతి పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ తనిఖీ అనే ముడి ఉంటుంది. యాభై దాటితే చదువుతో నిమిత్తం లేకుండా ఆ ముడి తీసేస్తారు. పాస్‌పోర్టు కోసం పెళ్ళి సర్టిఫికెట్టు ఇవ్వనక్కర్లేదని 2016 డిసెంబరులోనే రూలు మార్చారు. ఇచ్చిన చేత్తోనే తీసుకున్నదీ ఉంది. యాభై ఎనిమిది దాటిన స్త్రీలకి రైలు టికెట్టులో సగం రాయితీ ఉండేది. కోవిడ్ పేరు చెప్పి 2020 మార్చిలో ఆపారు. కోవిడ్ పోయాక కూడా ఏళ్ళ తరబడి తిరిగివ్వలేదు. సొంత ఆదాయం లేని ముసలమ్మకి ఆ సగమే ప్రయాణం.

బండి నడపాలనుకునేవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. మనలో చాలామంది స్కూటీకి తీసుకున్న లైసెన్సు గేరు లేని బళ్ళకే చెల్లుతుంది. దాంతో మోటారు సైకిలు ఇక్కడా నడపకూడదు, బయటి దేశంలోనూ నడపకూడదు. గేరు బండి లైసెన్సు వేరే తీసుకోవాలి. దాని మీద ఆర్టీఏ ఆఫీసులోనే ఏడాదికి అంతర్జాతీయ పర్మిట్ ఇస్తారు. అది అన్ని దేశాల్లోనూ చెల్లదు, వెళ్ళేచోట చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. చెల్లని కాగితంతో నడిపి పడితే ఇన్సూరెన్సు కంపెనీ పైసా ఇవ్వదు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా గుమ్మం దాటడం దగ్గరే ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. మా కోల్‌బెల్టులో ఆడదాని గడియారం మొగుడి షిఫ్టు. ఫస్ట్ షిఫ్టయితే తెల్లారకుండా బాక్సు కట్టాలి, సెకండ్ షిఫ్టయితే అర్ధరాత్రి అన్నం పెట్టాలి, నైట్ షిఫ్టయితే పగలు పిల్లల చప్పుడు కాకుండా చూడాలి. బాయి లోపలికి స్త్రీలు దిగకూడదని 1952 గనుల చట్టంలోనే రాసి పెట్టారు. 2019లో కొన్ని సాంకేతిక ఉద్యోగాలకి, పగటిపూట, దాన్ని సడలించారు. ఆయన రిటైరయ్యాక షిఫ్టు పోతుంది, కానీ క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. వచ్చిన డబ్బు ఇంటి జాగాకీ, కొడుక్కీ సర్దేసరికి ఆమె చేతికి వచ్చేది ఏమీ ఉండదు. ముప్పై అయిదేళ్ళు బాక్సు కట్టిన మనిషికి పదిహేను రోజుల ప్రయాణానికి ఎంతవుతుందో ఎవరూ లెక్క వేసిపెట్టరు. అడిగితే, "ఆయనకి వంట ఎవరు చేస్తారు?" ఆర్నెల్లు అమెరికాలో ఉన్నప్పుడు ఆయన ఏం తిన్నాడో మరి! కర్రీ పాయింటు కూర తెచ్చుకుని, కుక్కర్‌లో అన్నం వండుకుని శుభ్రంగానే ఉన్నాడు.

పెద్దమ్మ పాస్‌పోర్టు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. పదేళ్ళకి ఇచ్చారు, ఇంకా ఆరేళ్ళుంది. మా లైనులోనే అలాంటివి ఇంకో రెండున్నాయి, అన్నీ కాన్పుల కోసం తీసుకున్నవే. మొన్న వియత్నాం సంగతి చెప్తుంటే ఆమె అడిగిన ప్రశ్నలు మూడు. ఆడ అన్నం దొరుకుతదా? దొరుకుతుంది, మూడు పూటలా అన్నమే. బండి నడిపేటోనికి ఎంతియ్యాలె? ముందే మాట్లాడుకోవాలి. బీపీ గోలీలు ఎన్ని దినాలకు కొండవోవాలె? తిరిగొచ్చే రోజుకి ఇంకో వారం కలిపి, డాక్టరు చీటీతో సహా, పెద్ద పెట్టెలో కాకుండా చేతిసంచిలో.