టెండర్‌లో ‘వాక్యూమ్’ అన్న ఒక్క మాట చాలదు

గౌరవనీయులైన ఏపీఎస్పీడీసీఎల్ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటరుగా చేసి రిటైరైనవాణ్ణి. తిరుపతిలో మీ కార్యాలయంలో 33/11 కేవీ సబ్‌స్టేషన్లకు బ్రేకర్ల స్పెసిఫికేషన్ రాసేటప్పుడు నా విన్నపం ఒకటి మనసులో పెట్టుకోండి. ఎస్ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్) గ్యాస్ ఎక్కడా లేని బ్రేకర్లే కొనండి.

నేను పని నేర్చుకున్నది ఆయిల్ బ్రేకర్ల మీద. ఫాల్టు మీద నాలుగైదుసార్లు ట్రిప్పయితే ట్యాంకు దించేవాళ్ళం. నూనె కాటుక కలిపినట్టు నల్లగా, మాడు వాసనతో వచ్చేది. వడగట్టాలి, ఎంత వోల్టేజి తట్టుకుంటుందో చూసే బీడీవీ పరీక్ష చేయాలి. నిప్పు భయం ఉండనే ఉంది. ఆ నూనె పోయి ఎస్ఎఫ్6 గ్యాస్ వచ్చిందంటే నేనూ సంతోషపడ్డాను.

ఆ సంతోషం ఒక రాత్రి పోయింది. అప్పుడు ఒక ప్రైవేటు కర్మాగారం సబ్‌స్టేషన్‌లో ఉన్నాను. టార్చి వేసి చూస్తే 33 కేవీ బ్రేకరు గేజీ ముల్లు పచ్చ గీత దాటి ఎర్రలోకి దిగిపోయింది. లాకౌట్. ఇక ఫాల్టు వచ్చినా అది తెరుచుకోదు. పైనుంచి సరఫరా ఆపించి, గ్యాస్ సిలిండరు కోసం తెల్లవార్లూ కాచుకున్నాం. సీలు దగ్గర కారిందట. ఎంత గాల్లో కలిసిందో ఎవరూ రాసుకోలేదు.

ఈ గ్యాస్ ఒక్క కిలో గాల్లోకి పోతే, వందేళ్ల లెక్కన దాదాపు 23.5 టన్నుల కార్బన్ డయాక్సైడు వదిలినట్టే. 1997 క్యోటో ఒప్పందంలోనే దీని పేరు ఉంది. ఐరోపా సమాఖ్య 24 కేవీ వరకు కొత్త స్విచ్‌గేర్‌లో దీన్ని 2026 జనవరి 1 నుంచి, 52 కేవీ వరకు 2030 నుంచి, కొన్ని మినహాయింపులతో నిషేధించింది. మన 11, 33 కేవీ రెండూ ఆ పరిధిలోవే.

దీనికి బదులు వాక్యూమ్ బ్రేకరు ఉంది. దాని వాక్యూమ్ బాటిల్‌లో 11 కేవీకి కాంటాక్టుల మధ్య సెంటీమీటరు ఎడం కూడా అక్కర్లేదు, అవి విడిపడేటప్పుడు లేచే ఆర్క్ ఆరిపోతుంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఈ బాటిళ్ళను మన దేశంలోనే తయారుచేస్తోంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఆర్క్‌ను ఆర్పేది బాటిల్ లోపలి శూన్యం. బాటిల్ బయట, రెండు కొసల మధ్య కరెంటు దూకకుండా ఆపాల్సింది మరొకటి. 33 కేవీలో కొందరు తయారీదారులు ఆ చోటును ఎస్ఎఫ్6తోనే నింపుతారు. పేరుకు వాక్యూమ్ బ్రేకరు, చుట్టూ అదే గ్యాస్, అదే సీలు! అందుకే ‘బాటిల్ బయటి ఇన్సులేషన్ పొడి గాలి గానీ ఎపాక్సీ పోత గానీ కావాలి’ అని టెండర్‌లో విడిగా రాయించండి.

వాక్యూమ్‌కూ ఒక లోపముంది, దాచను. గేజీ ఉండదు, బాటిల్‌లోకి గాలి చేరినా బయటికి తెలియదు. కాంటాక్టులు తెరిచి హైవోల్టేజి పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. కాబట్టి ఆ పరీక్ష కిట్టు ప్రతి డివిజన్‌కూ కావాలి, ఏడాదికోసారి పరీక్ష జరగాలి.

ఇంకొక్క మాట, బ్రేకరు పింగాణీ గురించి. చిత్తూరు రోడ్డు దుమ్ము ఎండాకాలమంతా దాని మీద పేరుకుంటుంది. తొలి చినుకు పడగానే అది తడిసి చిటపటమంటుంది. 33 కేవీ బ్రేకర్ల 36 కేవీ రేటింగుకు క్రీపేజి, అంటే పింగాణీ పైపొర వెంట కరెంటు పాకాల్సిన దూరం, కేవీకి 25 మిల్లీమీటర్ల చొప్పున 900 మిల్లీమీటర్లు అవుతుంది. రోడ్డు పక్క యార్డులకు 31 చొప్పున 1116 అడగండి. స్పెసిఫికేషన్ ముసాయిదా మీద మాలాంటి ఆపరేటర్లనూ ఒకసారి పిలిచి అడిగితే, పిలిచిన రోజే తిరుపతికి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత షిఫ్ట్ ఆపరేటరు, చంద్రగిరి