తెలుగు నవల తెర మీదికి రావాలి: పాఠకుల ప్రణాళిక

మేం పాఠకులం. సినిమా తీసే డబ్బు మా దగ్గర లేదు, తీయించే పలుకుబడీ లేదు. చదివిన పుస్తకాలున్నాయి, వాటిని తెర మీద చూడాలన్న ఆశ ఉంది. ఆ ఆశను ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం మనసులో దాచుకున్నాం. ఇక మీదట కలిసి అడుగుతాం.

తెలుగు సినిమాకు నవల కొత్త కాదు. మొక్కపాటి వారి బారిష్టర్ పార్వతీశం 1940లోనే తెర ఎక్కాడు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజుల్లో యద్దనపూడి ‘మీనా’, ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ సినిమాలయ్యాయి. ఆ తర్వాత యండమూరి ‘అభిలాష’ వచ్చింది. జనం థియేటర్లకు వెళ్లి చూశారు. నవలను తీస్తే ఎవరు చూస్తారని అడిగేవాళ్లకు మేం ఈ చరిత్రనే చూపిస్తాం. తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, సీరియళ్లు పోయాయి. కథ కావాల్సిన నిర్మాత పుస్తకాల షాపు మానేసి, పక్క రాష్ట్రంలో ఆడిన సినిమా హక్కుల కోసం వెళ్లడం అలవాటు చేసుకున్నాడు.

పూమణి తమిళంలో రాసిన ‘వెక్కై’ నవల 2019లో ‘అసురన్’ అయితే, రెండేళ్లకు మనం దాన్ని ‘నారప్ప’గా తీసుకున్నాం. భూమి కోసం, కులం వల్ల నెత్తురోడిన కుటుంబాల కథలు తెలుగులో లేకనా? మన నేల కథల విలువ బయటివాళ్లకు కనిపించింది. గుంటూరులో పోలీసుల చేతిలో నరకం చూసిన చంద్రకుమార్ అనే తమిళ కార్మికుడు ఆ అనుభవాన్ని ‘లాకప్’ పేరుతో పుస్తకంగా రాశాడు. తమిళ దర్శకుడు వెట్రిమారన్ దాన్ని ‘విసారణై’గా తీస్తే మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది. శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’ దూరదర్శన్‌లో హిందీలో వచ్చాయి, తీసింది శ్యామ్ బెనెగళ్. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథను మలయాళ దర్శకుడు సేతుమాధవన్ ‘స్త్రీ’గా తీశాడు, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. వాళ్లందరికీ మేం రుణపడి ఉన్నాం. వాళ్లకు కనిపించిన విలువ మనవాళ్లకూ కనిపించాలన్నదే మా పట్టుదల.

మేం ముందుగా అడిగేది కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరాయన. ఒక ముసలివాడు, తప్పిపోయిన ఒక చూడి పంది, నక్కలు తిరిగే అడవి, ఒక్క రాత్రి. కథంతా ఇంతే. మాటలు తక్కువ, మనిషి చేసే పనులు ఎక్కువ. ఎక్కడ నిలబడ్డాడు, గాలి ఎటు వీస్తోంది, చేతిలో ఆయుధం ఏ స్థితిలో ఉంది అన్నది అక్షరాల్లోనే కళ్లకు కడుతుంది. కెమెరా ఏం చూడాలో రచయిత ముందే చూసిపెట్టాడు. పెద్ద తార అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు. ఓర్పున్న దర్శకుడు, ముసలితనాన్ని ఒళ్లంతా పలికించగల నటుడు, చీకటిని చీకటిగా చూపించే ధైర్యమున్న ఛాయాగ్రాహకుడు ఉంటే చాలు.

రెండోది ‘మాలపల్లి’. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ఈ నవల 1922లో అచ్చయింది, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. రామదాసు కుటుంబం, సంగదాసు హత్య, వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచడం, జైళ్లు, ఉద్యమాలు. రెండున్నర గంటల్లో ఒదిగే కథ కాదిది, వెబ్ సిరీస్‌కే తగింది. హక్కుల బెంగ కూడా లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది, ఉన్నవ 1958లో పోయారు. 1962లో పోయిన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’కూ ఇదే వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక వెనకాడే యువ దర్శకులున్నారు, వాళ్లకు చెప్పడం మా పని.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, మహీధర ‘కొల్లాయిగట్టితేనేమి?’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ కూడా మా జాబితాలో ఉన్నాయి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ సంగతి మాత్రం ప్రత్యేకం. 1960లో అదే పేరుతో సావిత్రి సినిమా వచ్చింది కానీ, అది ఒక బెంగాలీ చిత్రానికి రీమేక్. బుచ్చిబాబు నవలా నాయకుడు దయానిధి ఇంకా తెర మీదికి రాలేదు.

నవలను పొల్లుపోకుండా తీయాలని మేం పట్టుబట్టం. సినిమా దర్శకుడి రచన, అధ్యాయాలు కలపొచ్చు, పాత్రలు తగ్గించొచ్చు. కానీ మనుషుల కులం, ఊరు, యాస, చేసే పని మార్చేస్తే ఆ నవల మిగలదు. తానా బహుమతి పొందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ను 2021లో క్రిష్ సినిమాగా తీసినప్పుడు, గొర్రెల కాపరుల బతుకును ఒక పెద్ద సినిమా పట్టించుకున్నందుకు సంతోషించాం. అలాంటివి ఏడాదికొకటైనా రావాలి.

రచయిత పేరు టైటిల్స్‌లో, పోస్టరు మీద దర్శకుడి పేరు పక్కనే చదవగలిగేంత పెద్దదిగా ఉండాలి. ఒప్పందం కాగితం మీద ఉండాలి, డబ్బు షూటింగ్ మొదలుకాక ముందే అందాలి. రచయిత లేకపోతే వారసులకు అందాలి. పుస్తకంలోంచి కథ ఎత్తుకుని పేర్లు మార్చి తీసిన సినిమా ఏదైనా సరే, పేజీలతో సహా బయటపెడతాం.

మా వంతు పనీ ఒప్పుకుంటున్నాం. మొదటి ఏడాది ఎంచుకున్న ప్రతి నవలకూ పది పేజీల కథాసారం, పాత్రల వివరం, కథ జరిగే చోట్ల ఫొటోలు, హక్కులు ఎవరి దగ్గరున్నాయన్న సమాచారం సిద్ధం చేసి దర్శకులకు, ఓటీటీ సంస్థలకు పంపుతాం. దొరకని పుస్తకాలను మళ్లీ అచ్చు వేయమని ప్రచురణకర్తలను అడుగుతాం, ముందస్తుగా కాపీలు కొంటాం. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో నవలా పఠనాలు పెట్టి సినిమా వాళ్లను పిలుస్తాం. నవల ఆధారంగా సినిమా వస్తే మొదటి రోజే టికెట్ కొని చూస్తాం, పదిమందిని వెంట తీసుకెళ్తాం.

మాతో చేరాలనుకునేవాళ్లు చందా ఇవ్వక్కర్లేదు. తెర మీద చూడాలనుకునే ఒక్క తెలుగు నవల పేరు, అందులో మీరు మరిచిపోలేని ఒక సన్నివేశం రాసి తీసుకురండి. అదే సభ్యత్వం.