చెయ్యి కాలితే ముందు నీళ్లు, తరువాతే మందు

వంటింట్లో ఒక్కసారైనా చెయ్యి కాలని ఆడవారు మన పల్లెల్లో ఉండరు. గంజి వార్చేటప్పుడు ఆవిరి కొడుతుంది. తిరగమాత పెట్టేటప్పుడు నూనె చిందుతుంది. మసిగుడ్డ జారి వేడి తపేలా అంచు వేళ్లకు తగులుతుంది. ఇలాంటి చిన్న గాయాలలో ఎక్కువ భాగం ఇంటి దగ్గరే మానిపోతాయి. అయితే ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ల నుండి మా డ్రెస్సింగ్ గదికి వచ్చే చేతులను చూస్తే, గాయం కంటే దాని మీద పూసిన వాటితోనే మాకు ఎక్కువ పని పడుతోంది. టూత్‌పేస్టు, పసుపు, సిరా, నెయ్యి, కోడిగుడ్డు సొన, ఒక్కోసారి ఇడ్లీ పిండి కూడా పూసుకుని వస్తున్నారు. ఇవి వేడిని బయటికి పోనివ్వవు. గాయం ఎంత లోతుగా ఉందో కనపడనివ్వవు. వాటిని కడిగి తీసేటప్పుడు రోగి పడే బాధ చెప్పనలవి కాదు. పైగా తెగిన చర్మంలోకి క్రిములు చేరి చీము పడుతుంది.

కాలిన చేతికి మొదటి మందు నీళ్లు. పొయ్యి ఆపిన తరువాత కూడా మూత పెట్టిన గిన్నెలో అన్నం మగ్గుతూనే ఉంటుంది కదా! అలాగే చెయ్యి నిప్పుకు దూరమైనా, చర్మంలోకి దిగిన వేడి లోపల ఇంకా కాలుస్తూనే ఉంటుంది. ఆ వేడిని లాగేసేవి చల్లని నీళ్లు. అందుకు పూర్తిగా 20 నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలు పెట్టి తీసేస్తే చాలదు. వెంటనే వీలు కాకపోయినా, కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పెట్టినా కొంత మేలు ఉంటుంది.

"నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతుంది" అని పెద్దలు అడ్డుపడుతుంటారు. బొబ్బ వచ్చేది వేడి వల్ల, నీళ్ల వల్ల కాదు. నీళ్లు పెట్టినా పెట్టకపోయినా అది కాసేపు ఆగి పైకి తేలుతుంది కాబట్టి, నింద నీళ్ల మీద పడుతోంది.

ఇంకొక అడ్డంకి కూడా ఉంది. మనది మెట్ట ప్రాంతం. సోమశిల జలాశయం దగ్గరలోనే ఉన్నా, ఎండాకాలంలో బిందె నీళ్లకు ఎదురుచూసే ఇళ్లు మనకు తెలుసు. అలాంటి ఇంట్లో 20 నిమిషాలు కుళాయి తిప్పి వదలమంటే ఎవరికైనా మనసొప్పదు. అంత అవసరం కూడా లేదు. వెడల్పాటి బేసిన్‌లో శుభ్రమైన నీళ్లు పోసి చెయ్యి ముంచి ఉంచండి. నీళ్లు వెచ్చబడితే మార్చండి. ఒకటి రెండు బిందెలతో సరిపోతుంది. ఆ నీళ్లు తరువాత చెట్టుకు పోయవచ్చు. ఒక్క జాగ్రత్త: ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి. అప్పుడు ఇంట్లోని కుండ నీళ్లే వాడండి. ఐసు మాత్రం పెట్టవద్దు, అది చర్మాన్ని ఇంకా పాడు చేస్తుంది.

నీళ్ల కంటే కరువైనది ఆ ఇల్లాలికి 20 నిమిషాల తీరిక. పిల్లలు బడికి వెళ్లాలి, మగవారు పనికి వెళ్లాలి, పొయ్యి మీద కూర మాడుతుంది. ఆమె ఇంత పేస్టు రాసుకుని మళ్లీ గరిటె పట్టుకుంటుంది. మరునాడు అదే చేత్తో కలుపు తీయడానికి పోతుంది. ఆమె చెయ్యి చెడితే ఇంటి పని, కూలి రెండూ ఆగిపోతాయి. కాబట్టి ఈ మాట మేము ఇంట్లో అందరికీ చెబుతున్నాము. ఆమెను కూర్చోబెట్టండి. గరిటె ఇంకొకరు పట్టుకోండి. అత్తగారైనా, భర్తయినా, ఎదిగిన కొడుకైనా సరే.

చెయ్యి నీళ్లలో ఉండగానే గాజులు, ఉంగరాలు తీసివేయండి. వాపు వచ్చాక అవి రావు. తరువాత ఉతికిన మెత్తని నూలుగుడ్డను వదులుగా కప్పండి. దూది అంటించవద్దు. బొబ్బను చిదమవద్దు, లోపలి చర్మానికి అదే కాపుదల. నొప్పి ఉంటే పెద్దవారు పారాసిటమాల్ బిళ్ల వేసుకోవచ్చు.

కొన్ని గాయాలను ఇంట్లో ఉంచుకోకూడదు. కాలినచోటు రోగి అరచెయ్యి కంటే పెద్దదైనా, చర్మం తెల్లగా గానీ నల్లగా గానీ మారి నొప్పి తెలియకపోయినా, వేళ్ల కీళ్ల మీద బొబ్బలెక్కినా, వేలి చుట్టూ కాలినా, కరెంటు వల్ల కాలినా ఆసుపత్రికి రండి. పసిపిల్లలను, షుగరు ఉన్నవారిని గాయం చిన్నదైనా తీసుకురండి. షుగరు ఉన్నవారికి నొప్పి సరిగా తెలియదు, పుండు త్వరగా మానదు. ధనుర్వాతం ఇంజెక్షను అవసరమా అన్నది కూడా అప్పుడే చూస్తాము. చీర అంటుకుని ఒళ్లు కాలితే 108కి ఫోన్ చేయండి. ఆ వాహనం వచ్చేలోపు కూడా నీళ్లు పోస్తూనే ఉండండి.

రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. మన ఉదయగిరి కొయ్య గరిటెలకు దేశమంతా పేరుంది. ఇనుప గరిటెలా వాటి పిడి వేడెక్కి చెయ్యి కాల్చదు. ఒకటి మన వంటింట్లోనూ ఉంచుకుందాము. పొయ్యికి కాస్త దూరంలో మూత పెట్టిన నీళ్ల బిందె ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంచుకోమని మా మనవి. చెయ్యి కాలిన రోజున పేస్టు డబ్బా కోసం వెదకకుండా, ముందు ఆ బిందె దగ్గరకు వెళ్లండి.