పెరట్లో పచ్చిక: బిందెలు లెక్కపెట్టుకుని

నాలుగేళ్ళ క్రితం కార్తికమాసంలో మా పెరట్లో పచ్చిక మొలిచింది. పట్నంలో ఒక పెద్ద కొట్లో కొన్న విత్తనాల పొట్లం అది. పొట్లం మీది బొమ్మ చూస్తేనే కళ్ళు చల్లబడ్డాయి. చల్లిన వారంరోజులకే నేలంతా పచ్చని నూగులా లేచింది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి చూసి ముచ్చటపడ్డారు. ఉగాది వెళ్ళేసరికి ఆ పచ్చిక కాస్తా చీపురుపుల్లల రంగుకి తిరిగింది. రెండుపూటలా నీళ్ళు పోసినా లాభం లేకపోయింది. వైశాఖంలో వేళ్ళతోసహా పొడి అయిపోయింది.

పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో గడ్డి పేరు వేసే వుంది: రై గడ్డి. అది చలిదేశాల గడ్డి. మన శీతకాలంలో హాయిగా మొలుస్తుంది, మన ఎండల్లో చచ్చిపోతుంది. ఫెస్క్యూ, బ్లూగ్రాస్ అనేవీ ఆ కోవలోవే. చదవకుండా కొనడం నా పొరపాటు. ఆ పొరపాటు మీరు చెయ్యకూడదనే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాను.

మన ఎండకు నిలిచేది గరిక. వినాయకచవితినాడు పత్రిలో జంటలుగా సమర్పిస్తామే, ఆ గరికే! విత్తనాల కొట్లో దీన్నే బెర్ముడా గడ్డి అంటారు. పొలంలో ఇది పడితే తవ్వలేక రైతు తలపట్టుకుంటాడు; మనమేమో డబ్బిచ్చి కొంటాం. అయితే రైతును ఏడిపించే గుణమే మనకు కావలసిన గుణం. నేలమీద తీగెలు, నేలలోపల కాడలు పాకించి అల్లుకుంటుంది. పైన ఎండిపోయినా లోపలి కాడలు ప్రాణం పట్టుకుని వుండి, వాన పడగానే చిగురిస్తాయి. దీనికి ఒక్కటే పట్టుదల: ఎండ కావాలి. రోజుకు కనీసం ఆరుగంటలు ఎండ తగలనిచోట, మామిడిచెట్టు కిందా వేపచెట్టు కిందా, గరిక రాదు. అక్కడ ఆశపడకండి.

ఇక విత్తనం కొనేముందు నీళ్ళలెక్క చూసుకోవాలి. చదరపు మీటరు నేలమీద ఒక లీటరు నీళ్ళు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. మే నెలలో గరిక పచ్చగా నిలవాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు వున్న మడి తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. అంటే రోజుకు 45 లీటర్లు; పదిహేను లీటర్ల బిందెతో మూడు బిందెలు. ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు పెరడంతా పచ్చిక పరిచారో, రోజూ పద్దెనిమిది బిందెలు!

అంచేత పచ్చిక కొలత పెరటిని చూసి నిర్ణయించకండి. మే నెలలో మీ ఇంట మిగిలే నీళ్ళను చూసి నిర్ణయించండి. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు ఒక బిందె పట్టి వుంచగలిగి, మరో రెండు బిందెలు ఎవరికీ లోటు లేకుండా తెచ్చుకోగలిగితే పదడుగుల మడి వేసుకోండి. పిల్లలు పొర్లాడటానికి, సాయంకాలం చాప వేసుకుని కూర్చోవడానికి అది చాలు.

పని మే నెలలోనే మొదలుపెట్టాలి. జానెడు లోతు తవ్వి, రాళ్ళూ ఇటుకముక్కలూ ఏరి, ఎండకు వదలండి. అసలు శత్రువు తుంగ. దాని గడ్డ ఒక్కటి నేలలో మిగిలినా పదిమందిని వెంటబెట్టుకు వస్తుంది. తవ్విన నేలను తడిపి పదిరోజులు ఆగండి. మొలిచిన తుంగను గడ్డతోసహా పెకలించి, మళ్ళీ తడిపి మళ్ళీ ఏరండి. విసుగు పుట్టించే పనే. కాని పచ్చిక మొలిచాక అందులోంచి తుంగ ఏరడం ఇంతకు పదింతల విసుగు. తర్వాత బాగా చివికిన పశువుల ఎరువు పాతిక, ముప్ఫై కిలోలు కలపండి. చివకని ఎరువు వేస్తే కలుపు విత్తనాలు మీరే చల్లినట్టు. నీళ్ళు గోడవైపు రాకుండా కొంచెం వాలు వుంచి, చదును చేసి, అడుగులో అడుగు వేసి తొక్కండి.

మృగశిరకార్తెలో తొలకరి పడి, నేల నాని, తెరిపి ఇచ్చిన రోజున చల్లండి. ముసురులో చల్లితే విత్తనమంతా కొట్టుకుపోయి ఒక మూల కుప్పపడుతుంది. వంద చదరపుటడుగులకు 50 నుంచి 100 గ్రాములు చాలు. పొట్టు తీసిన విత్తనమైతే ఒక్క గ్రాములో సుమారు 4,000 గింజలుంటాయి! అంత సన్నని గింజ చేతికి నిలవదు కనుక నాలుగైదు రెట్లు పొడి ఇసుక కలపండి. సగం తూర్పుపడమరలుగా, సగం ఉత్తరదక్షిణాలుగా నడుస్తూ చల్లితే ఎక్కడా బట్టతల పడదు. మట్టి పైపైన గీరి, పలక పరిచి అదమండి. లోతుగా కప్పితే మొలక పైకి రాలేదు. చీమలకూ పిచ్చుకలకూ దక్కకుండా ఎండుగడ్డి పలచగా పరచండి.

మొలకెత్తేదాకా పైమట్టి ఆరకూడదు. వాన లేనిరోజు చిల్లుల డబ్బాతో రెండుమూడుసార్లు మెల్లగా చిలకరించండి, ధారగా పొయ్యకండి. సబ్బునీళ్ళు వద్దు. పొట్టు తీసిన విత్తనం వారం మొదలు పదిహేను రోజుల్లో మొలుస్తుంది. పొట్టుతో వున్నదానికి నెల పట్టినా కంగారుపడకండి. మొలిచాక తడుపుల సంఖ్య తగ్గించి, ఒక్కొక్క తడుపు బాగా దిగేలా పొయ్యండి. వేరు లోతుకు పోతుంది. మూడంగుళాలు ఎదిగాక పదునైన కత్తెరతో పై అంగుళం మాత్రమే కొయ్యండి. ఆరువారాలదాకా పిల్లల్ని అటు పోనివ్వకండి.

“వీధిలో గరిక వుండగా విత్తనం ఎందుకండీ?” అని మీరు అడగవచ్చు. పిలకలు నాటినా పచ్చిక వస్తుంది. చాలా తోటల్లో అదే పద్ధతి. కాని పిలకలతోబాటు తుంగగడ్డ ఇంట్లోకి రావచ్చు. విత్తనమయితే నేలంతా ఒకే ఎత్తున మొలుస్తుంది.

చివరగా ఒక మాట. వచ్చే వేసవిలో నీళ్ళు చాలకపోతే మడిని ఎండనివ్వండి. గోధుమరంగుకి తిరిగిన గరిక చచ్చిన గరిక కాదు. బాగా వేరూనుకున్న మడికి అప్పుడప్పుడు ఒక తడుపు ఇస్తే తొలకరిదాకా ఓర్చుకుంటుంది. వీధిలో జనం తాగేనీటికి ట్యాంకరు ముందు బారులుతీరి వుండగా మన పెరడు పచ్చగా వుండటం ఘనత కాదు. ఇప్పుడు విత్తుకుంటే వినాయకచవితికి గరిక కోసం బజారుకు పోనక్కరలేదు. పిల్లలచేత మన మడిలోదే కోయించవచ్చు.